కొట్టంల జెర్రిపోతు

ఈ రోజు పొద్దుగాల రేడియోల వార్తలు అయిపోంగనే, కిషన్‌బాగ్‌ల మా బర్ల కొట్టంలకు పొడుగాటి పాము వచ్చింది. మా మామ కట్టె లేపిండు. నేను అడ్డం పోయిన.

"కొట్టకు మామా. అది జెర్రిపోతు, దానికి విషం ఉండదు. ఎలుకల కోసం వస్తదని వారపత్రికల వ్యాసం చదివిన."

"బర్రె పొదుగుకు నోరు పెట్టి పాలు తాగుతది. గది రాసిండ్రా?"

"తాగదని రాసిండ్రు."

మామ కట్టె దించలే. పాము నా కాలి పక్కనుంచే మెల్లగ జరుక్కుంట మురికినీళ్ల మోరీలకు పోయింది. పత్రికల బొమ్మ నలుపు తెలుపుది. వచ్చింది జెర్రిపోతో నాగుబామో నాకు నిజంగ తెల్వదు.

మాపటికి బర్రె పాలు తక్కువిచ్చింది. అత్త నా దిక్కే చూస్తున్నది. పాముల గురించి చదివినోళ్లు ఎవరన్న ఉంటే, జర మా ఇంటికొచ్చి ఆమెకు చెప్పుండ్రి.