ఆవిడ చెయ్యి బరువు

ఎవరు పక్కన కూర్చున్నా ప్రశ్నలు వేయడం నా జబ్బు. 2014 అనుకుంటా, ఈ దేశం కొత్తగా వచ్చిన రోజుల్లో, జాన్సన్‌విల్ వెళ్లే లోకల్ రైల్లో ఒక తెల్ల పెద్దావిడ నా పక్కన కూర్చుంది. కోటు నిండా పచ్చగడ్డి మరకలు.

"పడిపోయారా ఆంటీ?" ఇంగ్లీషులోనే అడిగినా ఆంటీ అన్న మాట దానంతటదే వచ్చేసింది.

ఆవిడ నవ్వింది. "కావాలనే పడ్డా. పార్కులో ప్రాక్టీస్. వచ్చే నెల పాలస్తీనా వెళ్తున్నా, రైతులతో కలిసి ఆలివ్ కాయలు కోయడానికి."

"దానికి పడటమెందుకు?"

"ఆ రైతుల్ని వాళ్ల సొంత తోటల్లోకే అక్కడ కాపలా ఉండే సైనికులు చాలాసార్లు వెళ్లనివ్వరు. పక్కన విదేశీయులుంటే కాస్త వెనకాడతారు. వెనకాడకపోతే మమ్మల్నీ ఈడ్చేస్తారు. అప్పుడు తోయకూడదు, పెనుగులాడకూడదు. ఒళ్లు వదిలేయాలి, అంతే." తన చెయ్యి నా చేతిలో పెట్టింది. "ఎత్తు, చూద్దాం."

సన్నటి చెయ్యి. ఎత్తబోతే ఇసుక మూటలా ఉంది.

"మా పాప షాపులో మారాం చేసి నేలమీద పడుకుంటే అచ్చం ఇలాగే ఉంటుంది," అన్నాను.

"మరి? ముప్ఫై ఏళ్లు పసిపిల్లల బడిలో టీచర్ని. వాళ్ల దగ్గరే నేర్చుకున్నా."

"భయం లేదా?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. అంతసేపూ వదులుగా పడున్న ఆ వేళ్లు నా చేతిని గట్టిగా పట్టుకున్నాయి. నా స్టేషన్ వచ్చేదాకా వదల్లేదు.