తాడు పట్టిన చేతికే భాగం

వైశాఖ మాసం, ఆదివారం, పొద్దు పొడిచే వేళ. చెరువు దగ్గర ఉన్నవాళ్లు: మా నాయన, మా అవ్వ, పక్కింటి పెద్దమ్మ, వల పెద్ద, తాడు లాగే మగవాళ్లు, నేను.

నా చిన్నప్పుడు, బుక్కపట్నానికి దగ్గరలోని మా ఊళ్లో, చెరువు నిండిన ఏడాది అందరూ కలిసి చేపపిల్లలు తెచ్చేవాళ్లు. వాటిని గట్టు పక్కన చిన్న గుంటలో కొన్నాళ్లు పెంచి, ఆ తర్వాతే చెరువులో వదిలేవాళ్లు. నూనె తీసిన చెనక్కాయ చెక్క నానబెట్టి, ముద్దలు చేసి మేత వేసే పని ఆడవాళ్లది. ఎండాకాలంలో నీళ్లు తగ్గాక పెద్ద వల లాగే పని మగవాళ్లది. వల ఒడ్డుకు చేరేటప్పుడు ఎవరి చెయ్యి తాడు మీద ఉంటే వాళ్లకే చేపల్లో భాగం. అది మా ఊరి కట్టుబాటు.

పక్కింటి పెద్దమ్మ భర్త అంతకుముందు చలికాలంలోనే చనిపోయాడు. ఇంట్లో తాడు పట్టే మగదిక్కు లేదు. ఒక్కసారి భాగం తప్పితే ఇక ఆ ఇంటికి చెరువుతో సంబంధం తెగిపోయినట్టే. అందుకే ఆ పొద్దున ఆమె కొంగు బిగించి నీళ్లలోకి దిగింది. భర్త నిలబడే చోటే నిలబడి తాడు పట్టుకుంది.

“ఏందమ్మా ఇది? ఆడోళ్లు వల లాగేది యాడన్నా ఉండాదా?” అన్నాడు వల పెద్ద.

“ఆ చేపలకి మేతేసింది ఈ చేత్తోనే గదప్పా” అంది ఆమె.

“మేతేసేది వేరే, లాగేది వేరే.”

గట్టు మీద నుంచి మా అవ్వ అందుకుంది. “మీ ఇండ్లల్లో బాయి కాడ తాడు లాగేది ఎవుర్రా? మీరా?”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. “అయితే మీరే లాగండి” అని నవ్వుతూనే తాడు వదిలేశారు. తర్వాత ఒక్కొక్కరే వదిలారు. మా నాయన అందరికన్నా చివర వదిలాడు. వదిలి, నీళ్లకేసి చూస్తూ నిలబడిపోయాడు.

అవ్వ దిగింది. “రా పాపా, నువ్వూ పట్టు” అని నన్నూ పిలిచింది. ముగ్గురం లాగాం. తాడుకి అరచేతులు కోసుకుపోయాయే కానీ వల జానెడు కూడా కదల్లేదు. దానికి రెండు కొసలుంటాయి. రెండో కొస పట్టేవాళ్లు లేక నీళ్లలో తేలుతోంది.

ఎండ ఎక్కింది. లోతులేని నీళ్లలో వలకు చిక్కిన చేపలు ఎగిరెగిరి, చివరికి ఒక్కొక్కటే వెల్లకిలా తేలసాగాయి. పెద్దమ్మ వాటినే చూస్తోంది. “ఇంగ సచ్చిపోతాండాయి అవ్వా” అని, తాడు వదిలేసింది. గట్టెక్కి ఇంటికి వెళ్లిపోయింది. మగవాళ్లు దిగి వల లాగారు.

సాయంత్రం మా నాయన తన భాగంలోంచి రెండు పెద్ద చేపలు బుట్టలో పెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు. నేను వెంట ఉన్నాను.

“నేను చేపలు అడగలేదు తమ్ముడూ, భాగం అడిగినా” అంది ఆమె.

“నా చేతిలో ఏముండాదక్కా” అన్నాడు నాయన.

“పొద్దున తాడు ఉండె గదా.”

నాయన బుట్టను అరుగు మీద పెట్టి తలవంచుకుని వచ్చేశాడు.

ఇప్పుడు చేపల సంఘంలో ఆడవాళ్లను కూడా చేర్చుకుంటున్నారని ధర్మవరంలో ఎవరో చెబితే విన్నాను. సంతోషమే. కానీ ఆమె లేదు. ఆ సంగతి చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఎవరికైనా ఏదైనా ఇవ్వబోతే నా చెయ్యి ఈనాటికీ ఒక్క క్షణం ఆగుతుంది. వాళ్లు అడిగింది ఇదేనా, లేక అడిగింది ఇవ్వలేక దీన్ని ఇస్తున్నానా అని.

వల లాగిన మరునాటి పొద్దున ఆ బుట్ట మా గడప ముందు ఉంది. చేపలు రెండూ అట్లాగే ఉన్నాయి, చీమలు పట్టి. అవ్వ వాటిని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నాయన గడ్డపార తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. నేల గట్టిగా ఉంది. గుంత తవ్వడానికి చాలాసేపు పట్టింది.