నానాజీ ఓముల పుస్తకం

బలిఘట్టం వెళ్ళే రోడ్డులో నానాజీకి చిన్న రేకుల కొట్టు ఉండేది. చిరిగిన స్పీకరు కోనుకి కాగితం అతికించడం, కాలిపోయిన వాయిస్ కాయిల్ విప్పి కొత్త తీగ చుట్టడం అతని పని. ఏడో తరగతితో బడి మానేశాడు. టార్చిలైటు బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి స్పీకరుకి తాకించేవాడు. కోను ముందుకు గెంతితే ఆ వైపు ఎర్రరంగు చుక్క పెట్టేవాడు. అతనికి మీటరూ అదే, మాస్టారూ అదే.

రెండేళ్ళు కష్టపడి సొంతంగా ఒక ఆంప్లిఫయరు కట్టాడు. ఇది తొంభై ఐదు నాటి మాట. అత్తవారి ఊరి తీర్థంలో, అంటే జాతరలో, ఎడ్లబళ్ళ పోటీకి దాని మీద మైకు పెట్టాలని అతని కోరిక. మైదానం అర కిలోమీటరు పొడుగు. ఇటు చివర అరిచింది అటు చివర వినపడకపోతే, జనం బళ్ళకు అడ్డం వస్తారు. ఊరిపెద్ద మన్మథరావుగారు ఒప్పుకున్నారు. ఆ పూట గొంతు ఆగకుండా పలికితే ఏటేటా మైకు నానాజీదే.

అప్పుడే అతని చేతికి ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. చదివి చెప్పమని నా దగ్గరికి తెచ్చాడు. నేను ఫాదర్ల కాన్వెంటులో చదివినవాణ్ణి. ఏ మాటనైనా గడగడా చదవగలను. అర్థం సంగతి వేరు. కానీ ‘తెలీదు’ అనే మాట అంతవరకూ నా నోట రాలేదు.

“బాబుగారండీ, ఈ ఇంపీడెన్సంటే ఏటండి? నా స్పీకరు మీద ఎనిమిది ఓములని ఉంది.”

“స్పీకరు బరువురా. దాన్ని ఆంప్లిఫయరు మొయ్యాలి. ఎనిమిది కిలోల బస్తా అనుకో.”

“మరి నాలుగు స్పీకర్లూ ఒక్క జత వైర్లకే కలిపీస్తే రెండు ఓములే అవుతాదని ఈ లెక్కలో ఉన్నాదండి.”

“ఇంకేం మరి? రెండు కిలోలు. నీ ఆంప్లిఫయరు ఈలవేసుకుంటూ మోస్తుంది.”

నానాజీ మురిసిపోయాడు. అట్ట ఊడిన నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు. ఆ ఊపులో ఇంకో నాలుగు మాటలకు కూడా అర్థాలు చెప్పాను. ఫేజు అంటే పల్లకీ మోసేవాళ్ళ అడుగులు కలవడమన్నాను. ఒకడు ముందుకీ ఇంకొకడు వెనక్కీ వేస్తే దేవుడు ఉన్నచోటే ఉంటాడన్నాను. సెన్సిటివిటీ అంటే స్పీకరుకి ఉండే పౌరుషం, మైకులో కసిరితే అలుగుతుందన్నాను.

తీర్థం రోజున నాలుగు స్పీకర్లనూ ఒక్క జత వైర్లకే కలిపాడు. మొదటి రెండు జతల ఎడ్లు పరిగెత్తేదాకా గొంతు ఖంగుమంది. మూడో జత బయల్దేరబోతుండగా ఆంప్లిఫయరు లోంచి కమురు వాసన వచ్చింది. మైకు మూగబోయింది. అటు చివర జనం మైదానంలోకి దిగిపోయారు. మన్మథరావుగారు తువ్వాలు ఊపుతూ, తిట్టుకుంటూ, అర కిలోమీటరూ పరిగెత్తారు. మరుసటి ఏడు మైకు వేరేవాళ్ళకి ఇచ్చారు.

“రెండేళ్ళు నిద్దర మానీసి కట్టినావు. మా వోళ్ళ ముందలే కాల్సీసినావు,” అని నానాజీ భార్య సింహాద్రమ్మ వాళ్ళింట్లో నా ఎదుటే అంది. నానాజీ నా వైపు చూడలేదు. నేను టీ చల్లారిందని గొణిగి లేచి వచ్చేశాను.

కాలిన ట్రాన్సిస్టర్లు మార్చి, అతను మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక స్పీకరు తగిలించి, గంటసేపు పాట పెట్టి, ఆంప్లిఫయరు వెనక ఉన్న అల్యూమినియం రెక్కల మీద అరచెయ్యి ఆనించి వేడి చూసేవాడు. తర్వాత రెండు తగిలించి చూసేవాడు. తర్వాత నాలుగు. తర్వాత రెండేసి జతలుగా, ఒకదాని తోకకి ఇంకొకటి కట్టి. అప్పుడు రెక్కలు గోరువెచ్చగానే ఉండేవి. అలా ఏడాది గడిచింది. ఆ తర్వాత ఒక పొద్దున్న మన్మథరావుగారి పెరట్లో నాలుగు స్పీకర్లూ దింపాడు. “సాయంత్రందాకా మోగిస్తానండి. మజ్జిలో ఆగితే మళ్ళీ మీ గుమ్మం తొక్కను,” అన్నాడు. పొద్దు వాలేదాకా ఆగలేదు. తొంభై ఏడు తీర్థానికి మైకు నానాజీదే. ఆ తర్వాత కూడా అతనిదే. అయినా కొత్త ఇంగ్లీషు మాట తగిలితే నా దగ్గరికే వచ్చేవాడు.

రెండువేల నాలుగులో నా టేప్‌రికార్డరు పట్టుకుని ఆ కొట్టుకి వెళ్ళాను. నానాజీ టీకి వెళ్ళాడు. బల్ల మీద ఆ నోటుపుస్తకం తెరిచి ఉంది. పేజీకి నిలువుగా గీత. ఎడమవైపు ‘బాబుగారు చెప్పింది’, కుడివైపు ‘చెయ్యి చెప్పింది’.

ఎడమవైపు: ‘ఓములు తగ్గితే బరువు తగ్గును.’ కుడివైపు వేరే సిరాతో: ‘ఓములు తగ్గితే వేడి ఎక్కును. ఎనిమిదికి గోరువెచ్చన. నాలుగుకి కాఫీ గ్లాసు. రెండుకి చెయ్యి ఉంచలేము.’ సెన్సిటివిటీ ఎదురుగా: ‘పౌరుషం కాదు. కొంచెం కరెంటుకే గట్టిగా పలుకును.’ పల్లకీ ఎదురుగా మాత్రం ఏమీ రాయలేదు. టిక్కు పెట్టాడు.

వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది.

“అంటే నీకు అప్పుడే తెలిసిందన్నమాట,” అన్నాను.

“కాలిన వాసనకే తెలిసిపోనాదండి.”

“మరి ఇన్నేళ్ళూ ఇంకా నన్నే అడుగుతూ వచ్చావేంరా?”

“ఏదో ఒకటి సెప్పీవోరు ఉండాల గదండి. తమరు సెప్పకపోతే నాను దేన్ని తిరగేసి సూడాల?” అని నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు కోసం వెతికాను. కనిపించలేదు. అది ఉండి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

“ఆ రోజు మన్మథరావుగారికి నా పేరెందుకు చెప్పలేదు?”

“వైర్లు కలిపింది నానే గదండి.”

టేప్‌రికార్డరు మూత విప్పుతూ, ఏదో కొత్త పుస్తకం నా ముందుకు జరిపాడు. “ఇదొకటి సూడండి బాబుగారండీ. డాంపింగ్ ఫ్యాక్టరంట. ఏటది?”

నా నాలుక చివర అప్పటికే ఒక కథ తయారైంది. అందులో ఒక దున్నపోతు, ఒక దొర కూడా ఉన్నారు. పుస్తకం మూసేశాను.

“తెలీదురా.”

నానాజీ స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. తర్వాత పెన్ను మూత తీసి, నోటుపుస్తకంలో గీతకి ఎడమవైపు జాగ్రత్తగా రాశాడు: ‘తెలీదన్నారు.’ కుడివైపు ఖాళీగా వదిలి, బల్ల కిందనుంచి ఒక స్పీకరు పైకి తీసి దాని కోను మీద వేళ్ళు ఆనించాడు.