ఓక్ చెట్టు పక్కన ఆరేసిన దిండ్లు

అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా అమ్మాయి సుధ ఇంటి ముందు చెర్రీ చెట్టు విరగబూసిన రోజే నాకు మొదటిసారి ఊపిరి అందలేదు. చెట్టు కింద ఫోటో దిగి నాలుగు మెట్లెక్కేసరికి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. అరవై రెండేళ్లకే ఇంత ముసలిదాన్నయ్యానా అని నవ్వుకున్నాను.

అర్జెంట్ కేర్ క్లినిక్‌లో ఎక్స్‌రే తీశారు. "న్యుమోనియా లేదు, ఆస్తమాలా ఉంది" అని ఇన్‌హేలర్ రాసిచ్చారు. ఇన్‌హేలర్ ఒకసారి అలవాటైతే చచ్చేదాకా వదలదని మా వైపు అందరూ అనుకునేదే నేనూ నమ్మాను. సూట్‌కేసులో చీరల అడుగున దాచేశాను. సుధ అడిగితే "వాడుతున్నానే" అని అబద్ధం చెప్పాను.

చెర్రీ మీద అనుమానంతో ముందు తలుపు తియ్యనిచ్చేదాన్ని కాదు. ఆ పూలు రాలిపోయాయి, ఆయాసం మాత్రం పెరిగింది. చలికాలమంతా మూసి ఉన్న ఇల్లు కదా అని రోజూ దిండ్లూ దుప్పట్లూ వెనక చెక్కల డెక్ మీద, ఓక్ చెట్టు పక్కన ఎండేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆ దిండు మీదే సోఫాలో కునుకు తీశాను. లేచేసరికి గాలి లోపలికి పోవడం లేదు. సుధ పై గదిలో ఆఫీస్ కాల్‌లో ఉంది. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. స్టీలు గ్లాసుతో మెట్ల రెయిలింగ్ మీద కొట్టాను. రాలేదు. ఇక అయిపోయాననుకున్నాను. మళ్లీ కొట్టాను. హెడ్‌ఫోన్స్ మెడలో వేలాడుతుండగా పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఇన్‌హేలర్ ఏదీ?"

సూట్‌కేసు వైపు వేలు చూపించాను. ఒక చేత్తో అంబులెన్స్ కోసం 911కి కాల్ చేస్తూనే చీరలన్నీ విసిరేసింది.

"సీల్ కూడా ఓపెన్ చెయ్యలేదా అమ్మా!" అని ఏడ్చింది. నోట్లో పెట్టి నొక్కినా ఎలా పీల్చాలో నాకు తెలియలేదు, ఈలోగా అంబులెన్స్ వచ్చింది.

ఎమర్జెన్సీలో ఆక్సిజన్ ఎనభై తొమ్మిది శాతమే చూపించింది. నెబ్యులైజర్, స్టెరాయిడ్లు, రెండు రోజులు అడ్మిషన్. "ఇంకాస్త లేట్ అయితే వెంటిలేటర్ పెట్టాల్సొచ్చేది" అన్నాడు డాక్టర్. సుధ నన్ను వెంటనే ఇండియా పంపేస్తానంది. కారణం తెలిసేదాకా కదలనన్నాను.

నెల తర్వాత చేతి మీద వరసగా గుచ్చి అలర్జీ టెస్ట్ చేశారు. ఓక్ పుప్పొడి గుచ్చిన చోట ఇంత దద్దురు లేచింది.

"చెర్రీ పుప్పొడిని తేనెటీగలు మోసుకుపోతాయి. ఓక్‌ది గాలిలో తిరుగుతుంది. మీరు పక్కబట్టలు బయట ఆరేస్తారా?" అని అడిగింది డాక్టరమ్మ.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పినదాన్ని. గాలిని నమ్ముకున్న పూలకు రంగూ వాసనా ఉండవని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. కంటికి కనిపించిన పూలమీదే నేరం మోపి, పుప్పొడి పట్టిన దిండు మీద రోజూ పడుకున్నాను.

ఈ వసంతానికి మళ్లీ వచ్చాను. దిండ్లు డ్రయర్‌లో ఆరుతున్నాయి. పొద్దునా సాయంత్రం ఆయాసం రాకుండా ఆపే కంట్రోలర్ ఇన్‌హేలర్ వాడుతున్నాను, అత్యవసరానిది నా జేబులోనే ఉంటుంది. వాన వెలిసి గాలిలో పుప్పొడి అణిగాక వెళ్లి చెర్రీ కింద కూర్చుంటాను. మీకు ఒక్కటే చెబుతాను: ఇన్‌హేలర్ చేతికొచ్చిన రోజే సీలు తీసి, ఎలా వాడాలో అక్కడే నేర్చుకోండి, ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకు చూపించండి.

సుధ ఇప్పుడు తలుపు తీసిపెట్టుకునే కాల్స్ మాట్లాడుతుంది. కింద స్టీలు గ్లాసు చప్పుడైతే చాలు, "అమ్మా?" అని కేకేస్తుంది.

"మంచినీళ్లే తల్లీ" అంటాను.