నా కొడుకు నన్ను అడగని ప్రశ్న

ఈ సంగతి జరిగి మూడేళ్లవుతోంది. అప్పుడే రాయవలసింది. కాని అప్పటికి నాకు చదవడం మాత్రమే వచ్చు. అదీ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ. రాయడమంటే నా సంతకం ఒక్కటే. చిన్నప్పుడు మా నాయన గొర్రెల వెంట పంపాడు, పెళ్లయ్యాక నాట్లకు పోయాను. యాభై దాటాక మా ఊరి అంగన్‌వాడీలో మధ్యాహ్నం పూట నేర్చుకున్న చదువు నాది. చదవడం ఏడాదిలో వచ్చింది, చేతికి రాత కుదరడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. నారు పట్టిన వేళ్లు పెన్నును కూడా అలాగే పట్టి కాగితం చింపేవి. ఇప్పుడు చింపడం లేదు కనుక రాస్తున్నాను.

మాది మునగాల దగ్గర ఊరు. నాట్ల ముఠాలో ముప్పై ఏళ్లు పనిచేశాను. తెల్లవారుజామునే పదిమందిమి ఆటో ఎక్కి ఒకరోజు చిలుకూరు, ఒకరోజు కోదాడ, ఎక్కడ మడి తయారైతే అక్కడికి పోయేవాళ్లం. ముఠాకు పెద్ద ఒకామె. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమె నడుముకు దోపుకున్న సంచిలో వక్కలు, సున్నం డబ్బీ, వాటితోపాటు కోదాడలో కొన్న నొప్పి గోలీలు ఉండేవి. ఆటో కదలగానే ఫ్లాస్కులోంచి తలా ఒక కప్పు చాయ్, చాయ్‌తో ఒక గోలీ. అందరివీ ఖాళీ కడుపులే. ఎవరైనా వద్దంటే, "ఏమే, ఇయ్యాల ఒంగుడు మాకు పెట్టి నువ్వు గట్టు మీద కూసుంటవా?" అని నవ్వేవాళ్లం. అది మాకు మందు కాదు. చాయ్‌లో చక్కెర ఎట్లాగో గోలీ అట్లాగే.

పోను పోను నడుము నొప్పి కాళ్లలోకి దిగింది. ఇంటి నుంచి రోడ్డు దాకా నడవాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చోవలసి వచ్చేది. కోదాడలో స్కానింగ్ తీయించాం. సూర్యాపేటలో ఒక దవాఖానలో డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, నడుము కింది ఎముకల మధ్య నరం నలుగుతోందని, ఆపరేషన్ చేస్తే నడవగలనని చెప్పాడు. నాకు భయం వేయలేదు. నడిచి పొలం గట్టు దాకా పోవాలని ఒక్కటే ఉండేది.

నా కొడుకు మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తాడు. మిల్లుకు సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు. కౌంటర్ దగ్గర రెండు పేజీల కాగితం ఇస్తే గోడకు ఆనించి గబగబా టిక్కులు పెట్టి ఇచ్చేశాడు. డాక్టరు "మందులేమన్నా వాడుతున్నావా అమ్మా?" అని నన్నూ అడిగాడు. "బీపీ లేదు, షుగర్ లేదు. ఏ మందులు లెవ్వు సార్" అన్నాను గర్వంగా.

మధ్యాహ్నానికి రక్త పరీక్ష వచ్చింది. డాక్టరు మళ్లీ పిలిచాడు.

"రక్తం ఎనిమిదిన్నరే ఉన్నదమ్మా. నెలసరి ఆగి ఎన్నేళ్లయింది?"

"ఏడేండ్లు దాటింది."

"మరి రక్తం ఎటు పోతున్నట్టు?" అని మా కాగితం తిరగేశాడు. అన్నీ 'లేదు'లే.

మా వాడు ముందుకు వంగాడు. "రక్తం ఎక్కిచ్చి చేసెయ్యున్రి సార్. మల్ల సెలవు దొరకదు నాకు."

డాక్టరు కోప్పడలేదు. "ఎక్కిస్తే నంబర్ పెరుగుతది, కారణం పోదు కద బాబూ. తక్కువ రక్తంతోని ఆపరేషన్ చేస్తే గుండె మీద భారం పడుతది. పుండు తొందరగ మానదు, చీము పట్టే భయం ఎక్కువ. మత్తు డాక్టరుతో మాట్లాడి చెప్త, బయట కూసోండి" అన్నాడు.

బయట బెంచీ మీద ఫైలు నా ఒళ్లో పెట్టి వాడు ఫోన్ మాట్లాడడానికి పోయాడు. ఏమీ తోచక ఫైలు తెరిచాను. కాగితం తెలుగులోనే ఉంది. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. పళ్లు కట్టించుకున్నారా, ఆయాసం ఉందా, ఇట్లాంటివన్నీ దాటి రెండో పేజీలోకి వచ్చాను. 'నొప్పి మాత్రలు వాడుతున్నారా? ఎన్నాళ్లుగా?' అక్కడ ఆగిపోయాను. మాత్ర అంటే గోలీయే కదా. దాని కిందనే ఇంకొకటి: 'మలం నల్లగా, తారులాగా వస్తున్నదా?' ఒకసారి తప్పు చదివానేమోనని మళ్లీ మొదటి నుంచి కూడబలుక్కున్నాను. తప్పు కాదు.

ఏడాదిగా అట్లాగే వస్తోంది. తోటకూర వల్లనేమో అనుకునేదాన్ని. ఎవరికి చెప్పుకుంటాం అటువంటివి?

కొడుకు వచ్చాక ఆ వరుస మీద వేలు పెట్టి చూపించాను. "ఇది నన్ను అడిగినవా?"

వాడు అటూ ఇటూ చూశాడు. "మెల్లగ మాట్లాడు అమ్మా. గంతమందిల గది ఎట్ల అడగాలె నిన్ను?"

"చిన్నప్పుడు నీది దినాం నేను సూడలేదురా? పెన్ను ఇటు తే."

"అమ్మా, ఇప్పుడు గిదంత మారిస్తే ఆపరేషన్ ఎనుకకు పోతది."

"పోనియ్. నడుము నాది."

రెండు 'లేదు'లనూ కొట్టేసి 'అవును' దగ్గర టిక్కు పెట్టాను. గీత కాస్త వంకర పోయింది. 'ఎన్నాళ్లుగా' దగ్గర రాయడం రాలేదు. అటుగా వచ్చిన నర్సమ్మను పిలిచి, సంగతి చెప్పి, రాయమని అడిగాను. ఆమెది కోదాడ అవతలి ఆంధ్ర మాట. "పది పన్నెండేళ్లా! రోజూనా అండీ?" అంది. "నాట్లున్నన్ని దినాలు" అన్నాను. రాసుకుని, ఫైలు పట్టుకుని దాదాపు పరుగున లోపలికి పోయింది.

ఆపరేషన్ ఆగింది. కడుపులోకి సన్నటి గొట్టం వేసి చూస్తే పుండు కనిపించింది. గోలీల వల్ల పడిన పుండు అది. దాన్నుంచి రోజూ కొంచెం కొంచెం రక్తం పోతోందట. నొప్పి గోలీలు పూర్తిగా మానేయమన్నారు, పుండు మానడానికి మందు ఇచ్చారు, చేతి నరంలోకి ఇనుము మందు ఎక్కించారు. రెండు నెలల తరువాత రమ్మన్నారు. కాళ్లు పడిపోయినట్టయినా, మూత్రం ఆగిపోయినా మాత్రం వెంటనే రావాలన్నారు.

ఆ రెండు నెలలు తేలిక కాదు. గోలీ లేని నడుము ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. కడుపుకు హాని చేయదని డాక్టరు రాసిచ్చిన వేరే చిన్న మాత్ర నొప్పిని మూలకు జరిపేది, అంతే. ముఠా పెద్ద చూడడానికి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. మాటల మధ్యలో సంచి విప్పింది.

"ఒక్కటేస్కో అక్కా. ఎవలు సూస్తున్నరు?"

"నా కడుపు సూస్తున్నది. నువ్వు గుడ బంజెయ్యి."

"అబ్బో! నాలుగు అక్షరాలొచ్చినయని డాక్టరమ్మవు అయితున్నవ్" అని మూతి తిప్పి లేచిపోయింది. పది రోజులు మా గడప తొక్కలేదు.

రెండు నెలలకు రక్తం పన్నెండుకు దగ్గరగా వచ్చింది. డాక్టరు ఆ కాగితం నా చేతికే ఇచ్చి చదవమన్నాడు. అంకెలు ఎప్పుడో వచ్చు నాకు, అయినా నెమ్మదిగా చదివాను. ఆపరేషన్ అయింది. బయటి రక్తం ఒక్క చుక్క ఎక్కించవలసిన పని పడలేదు. మరునాడే లేపి నిలబెట్టారు. కుట్లు ఎండిపోయాయి, చీము పట్టలేదు. ఎడమకాలి బొటనవేలికి మాత్రం ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు. దానితో నాకు పెద్ద పేచీ లేదు.

ఇంటికి పోయే రోజు నర్సమ్మను ఆ కాగితమే ఖాళీది ఒకటి అడిగాను. "దేనికండీ?" అంది. "మా ఆటోల పది మందిమి" అన్నాను. నవ్వి, పది ఇచ్చింది.

మరునాడు తెల్లవారగానే నడుముకు బెల్టు బిగించుకుని, కర్ర పట్టుకుని రోడ్డు దాకా నడిచాను. మధ్యలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ముఠా ఆటో వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టాను.

"నడుముకైందా ఆపరేషన్, సోకుకైందా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఫ్లాస్కు మూత అప్పటికే తీసి ఉంది.

"జర ఆగున్రి. చాయ్ తాగేముందు ఒక మాట ఇనున్రి" అని కాగితం తీసి, ఆటో పక్కన నిలబడి ఆ నల్ల మలం ప్రశ్న గట్టిగా చదివాను. ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ముఠా పెద్ద నవ్వలేదు. చేతిలోని గోలీల అట్టను మళ్లీ సంచిలో పెట్టేసింది. తరువాత డ్రైవరుతో, "మీరు నడువున్రి. నేను ఎనుక వస్త" అని దిగింది.

ఆమెకు చదవడం రాదు. ఇంటికి తీసుకుపోయి అరుగు మీద కూర్చోబెట్టి, ముందు ఇంత అన్నం పెట్టాను. ఆమె తింటుంటే పక్కన కూర్చుని మొదటి ప్రశ్న మీద వేలు పెట్టాను.