బొటనవేలంత మచ్చ

ఇల్లందు నుంచి కొత్తగూడెం బస్సులో వెళ్తున్నాను. చేతిలో మచ్చలు పడ్డ టమాటా ఆకు. తోటంతా పీకేద్దామని మా ఆయన పట్టుబడితే, ముందు మందుల షాపులో చూపిద్దామని నేనే బయలుదేరాను.

పక్క సీటు అమ్మాయి ఆ ఆకు అడిగి తీసుకుంది. తోటల్లో తెగులు ఎంత ముదిరిందో చూసి చెప్పడమే ఆమె ఉద్యోగమట. ఆకును కిటికీ వెలుతురుకు పట్టి, దాని మీద బొటనవేలు ఆనించింది.

"ఈ మచ్చలన్నీ ఒక్కకాడికి జరిపితే నా వేలంత గూడ కావక్కా. చెల్లాచెదరుగుంటే కండ్లకు ఎక్కువ కనబడతయ్. నాకూ గట్లనే అనిపిస్తది."

"అయితే పీకొద్దంటవా?"

"అప్పుడే పీకుతరా? మచ్చ ఆకులు తెంపెయ్యిర్రి, చాలు."

టేకులపల్లిలో దిగిపోయింది.

ఆ తోట వేసవి దాకా కాసింది. అప్పటినుంచి మా ఆయన తప్పులను కూడా ఒక్కచోటికి జరిపి చూసుకుంటున్నాను. ఒక్కోరోజు బొటనవేలు చాలదనుకోండి.