ఆ హెచ్చరిక ఎందుకు రాలేదంటే

ఏళ్ల తరబడి ఈ మాట నా గొంతు దాటలేదు. ఇంట్లో వాళ్లకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ధైర్యం చేస్తున్నానేమో.

గుడివాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ ఉద్యోగం. నాకదే మొదటిది. రోగుల వివరాలు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉండేవి. వాటిని పోస్ట్‌గ్రెస్ అనే ఇంకోదానిలోకి మార్చమన్నారు. అది నాకు రాదు. వచ్చని చెప్పాను. రాదంటే తీసేస్తారని భయం. బస్సులో నోట్సు చదువుకుంటూ నేర్చుకున్నాను. పాతది ఇంగ్లీషు పెద్దక్షరాన్నీ చిన్నక్షరాన్నీ ఒకటిగానే చూస్తుందనీ, కొత్తది వేరువేరుగా చూస్తుందనీ ఆ నోట్సులో ఉంది. చదివాను. తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను. పరీక్షకని నేను కొట్టి చూసిన మందుల పేర్లన్నీ చిన్నక్షరాలే. అన్నీ సరిగ్గానే వచ్చాయి.

మార్చిన నాలుగో రోజు మధ్యాహ్నం పెడన నుంచి ఒకాయన్ని తీసుకొచ్చారు. కలంకారీ అద్దకం పని చేసే మనిషి. జ్వరంతో ఒళ్లు తెలియడం లేదు. ఆయనకి పెన్సిలిన్ పడదని మా కంప్యూటర్‌లో ఎప్పుడో ఎక్కించి ఉంది, పెద్దక్షరంతో. ఇప్పుడు రాసిన పెన్సిలిన్ చిన్నక్షరంతో ఉంది. రెండూ కలవక, తెర మీద ఎర్రగా రావాల్సిన హెచ్చరిక రాలేదు. డాక్టరుగారు రాసిన ఇంజెక్షన్, తెర చూసుకునే, రత్నకుమారి సిస్టర్ ఇచ్చారు. కాసేపటికే ఆయనకి ఊపిరాడలేదు. ఆదరాబాదరాగా బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

వార్డులో గోల వినగానే నాకు అర్థమైంది. ఆయన పేరు కొట్టి చూశాను. హెచ్చరిక లేదు. ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చాను. హెచ్చరిక వచ్చింది. అప్పుడే లేచి వెళ్లి చెప్పొచ్చు కదా? ఆ మనిషి పోతే నన్ను జైల్లో పెడతారా అన్న ఒక్క ఆలోచన తప్ప, ఆయన గురించి గానీ, బయట బెంచీ మీద కూర్చున్న ఆయన భార్య గురించి గానీ నాకు తట్టనే లేదు.

సాయంత్రం మేనేజరు సిస్టర్‌నీ నన్నూ గదిలోకి పిలిచారు. సిస్టర్ నా వైపు తిరిగారు.

"నేను చూశానమ్మా. అందులో ఏమీ రాలేదు. నువ్వైనా చెప్పు సార్‌కి."

తెర తిప్పి చూపించాను. "వస్తోంది కదండీ. మీరు చూసుకుని ఉండరు."

ఆవిడ దగ్గరికి వంగి ఆ ఎర్ర అక్షరాలు చదివారు. "ఏమోనమ్మా. నేనే చూసుకోలేదేమో" అన్నారు.

కోప్పడి ఉంటే బాగుండేది. నమ్మేశారు.

పెడన ఆయన బతికాడు. సిస్టర్‌ని తీసేశారు. నాగాయలంక వెళ్లిపోయారు. మళ్లీ సూది పట్టుకోనన్నారట, ఇంకెక్కడా చేరలేదని విన్నాను. నాకు మాత్రం ఆ ఏడాది జీతం పెరిగింది.

ఇప్పటికీ తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తను. ఎవరికి భయపడుతున్నాను? పోలీసులకా, ఆవిడకా? నాకే తెలియదు. ఇది రాసినందువల్ల ఆ భయం పోదు. ఆవిడ ఉద్యోగమూ తిరిగి రాదు. కానీ ఒక్క వాక్యం ఇన్నాళ్లూ ఎక్కడా పెట్టలేకపోయాను, ఇక్కడ పెడుతున్నాను. పెట్టాక ఊపిరి కొంచెం లోపలికి వెళ్తోంది.

రత్నకుమారి సిస్టర్ సరిగ్గానే చూశారు.